నాలుగున్నర బండి

వాన ఈ దీవికి కొత్త కాదు. చిలోయేలో
పిల్లలు వానలోనే నడక నేర్చుకుంటారు.
తెల్లారుజాము నాలుగున్నరకి
పాత గుడ్డతో అద్దం తుడిచి తాళం తిప్పుతాను.
ఐదు సీట్లు. ఐదు పేర్లు రాసిన కాగితం.
ఆసుపత్రి జలసంధికి అవతల, పుయెర్తో మోంత్‌లో.
వెళ్ళడానికి నాలుగు గంటలు, ఫెర్రీ మనసు బాగుంటే.
యంత్రం కింద పడుకునేది పదకొండు నిమిషాలు.
రావడానికి మళ్ళీ నాలుగు.
ఈ లెక్క నాకు తెలిసినంతగా
డాక్టరుకి తెలీదు.

ముందు ఎదెల్మీరా ఎక్కుతుంది.
కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంటుంది,
ఎవరి పసిబిడ్డనో మోస్తున్నట్టు.
రొమ్ముతోపాటు ఆ చేతి సత్తువ కూడా తీసుకుపోయారు.
చలికాలానికని తెప్పించిన దుంగలు వాకిట్లో పడున్నాయి,
చీల్చే దిక్కు లేదు.
మేనల్లుడు వస్తానన్నాడు. అన్నాడు.
ఇప్పుడు కంచె కర్రలు ఒక్కొక్కటే పొయ్యిలోకి పోతున్నాయి.
గొర్రెలకి ఆ సంగతి ఇంకా తెలీదు.

నర్సు మంచిపిల్ల. రోజూ అడుగుతుంది:
సున్నా నుంచి పదిలో మీ నొప్పి ఎంత?
ఎదెల్మీరా నాలుగంటుంది. రోజూ నాలుగే.
ఒకనాడు ఫెర్రీ మీద నన్నడిగింది,
"ఎనిమిదంటే ఏం చేస్తారు?"
నాకు తెలీదన్నాను.
"అందుకే నాలుగు" అంది.
కట్టెల కోసం ఆ కాగితంలో గడి లేదు.

నిబాల్దో సముద్రం అడుగున ఆల్చిప్పల కోసం
ముప్పయ్యేళ్ళు మునిగి తేలినవాడు.
ఇప్పుడు గుక్కెడు నీళ్ళు మింగడానికి
కళ్ళు మూసుకుని ఊపిరి బిగబడతాడు,
అచ్చం మునగబోయే ముందులాగే.
ఏం తినాలో చీటీ రాసిచ్చారు:
అవకాడో, బాదంపాలు, మెత్తగా రుబ్బిన కోడిమాంసం.
వాళ్ళ రేవు దుకాణంలో దొరికేవి
బంగాళాదుంపలు, ఉల్లిపాయలు, సబ్బు.
రుబ్బే మిషను లేదు. ఉన్నా కరెంటుండదు.
చీటీని మాత్రం నాలుగు మడతలు పెట్టి
టోపీలో దాచుకున్నాడు,
ఎవరో ఉత్తరం రాసినట్టు.

యాస్నాది వెనక సీటు. ముప్పై ఒకటేళ్ళు.
ఎక్కగానే "రేడియో కాస్త పెంచండి" అంటుంది.
నాకు పాటల పిచ్చి అనుకుంటారు మిగతావాళ్ళు.
పెంచుతాను. అద్దంలోకి చూడను.
మొగుడు ఇప్పుడు పిల్లాడి గదిలో పడుకుంటున్నాడట,
ఆమె నిద్ర చెడకూడదని.
ఈ మాట నాతో అనలేదు.
ఫెర్రీ కమ్మీతో అంది, నేను పక్కనే ఉన్నాను.

మొదటివారం ఇరుగుపొరుగు
ప్రతి గుమ్మానికీ గిన్నెలు నింపి తెచ్చారు.
మూడోవారం ఖాళీ గిన్నెలు అడిగి పట్టుకెళ్ళారు.
తప్పు పట్టను. నేనైనా అంతే.
నేను చేసిందల్లా
ఐస్‌క్రీమ్ డబ్బాలు కడిగి, మూతలతో సహా,
సీట్ల కింద పెట్టడం.
వాంతి చేసుకున్నవాళ్ళు
నోరు తుడుచుకోకముందే నన్ను క్షమించమంటారు.
కష్టమనిపించేది అదే, వాసన కాదు.

పోయిన శుక్రవారం ఎదెల్మీరాకి ఆఖరి విడత.
చేతులు కలిపారు, కాగితమిచ్చారు,
ఆరు నెలల తర్వాత రమ్మన్నారు.
సోమవారం జాబితాలో ఆమె పేరు లేదు.
ఆ గడిలో ఇంకెవరో.
మలుపు తిరిగేసరికి
హెడ్‌లైటు వెలుగులో గొర్రె ఒకటి, నడిరోడ్డు మీద.
ఆ వెనక గేటు దగ్గర ఎదెల్మీరా,
కోటు గుండీలన్నీ పెట్టుకుని,
చేతిలో కడిగిన డబ్బా.
"నీదొకటి నా దగ్గరుండిపోయింది" అంది.
దానికోసం నాలుగున్నరకి లేవక్కర్లేదు.
ఇద్దరికీ తెలుసు.
ఫెర్రీ ఎవరికోసమూ ఆగదు.
డబ్బా అందుకున్నాను. హారన్ కొట్టి గొర్రెని తప్పించాను.

గొడ్డలి బండి వెనక, స్పేర్ టైరు పక్కన ఉంది,
మూడు ఆదివారాలుగా.
పొద్దున్నే వెళ్దామనే పడుకుంటాను.
మెలకువ వచ్చేసరికి
పొద్దు వాలిపోయి ఉంటుంది, వాన పడుతూ.